ఐదెకరాల సోలార్ ఝట్కా సెట్: జింకలు తిరిగే ఊళ్లలో పనికొస్తుందా?

ఆలూరు, ఆదోని, గుంతకల్లు వైపు అంగళ్లలో ‘ఐదెకరాల సెట్’ అని అమ్మే సోలార్ కంచె గురించి ఈ రివ్యూ. సెట్‌లో వచ్చేవి ఝట్కా మిషను (కంచె తీగలోకి ఆగి ఆగి కరెంటు దెబ్బ పంపేది), 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ (ఏహెచ్ అంటే ఆంపియర్ అవర్, బ్యాటరీ ఎంత కరెంటు దాచగలదో చెప్పే లెక్క), 20 వాట్ల ప్యానెల్, 14 గేజి జీఐ (జింకు పూత ఇనుప) తీగ, ప్లాస్టిక్ ఇన్సులేటర్లు, ఒకే ఒక్క ఎర్తు కడ్డీ. మిషను మంచిది. మిగతా సరుకు చాలావరకు మార్చుకోవాల్సిందే.

మొదటి తిరకాసు ఎకరాల లెక్కలోనే ఉంది. ఐదెకరాల చేను చదరంగా ఉంటే చుట్టుకొలత దాదాపు 570 మీటర్లు. అదే ఐదెకరాలు 50 మీటర్ల వెడల్పుతో పొడుగ్గా ఉంటే 910 మీటర్లు. చదరపు చేనుకే ఐదు వరసలకు 2,850 మీటర్ల తీగ కావాలి. 14 గేజి తీగ కిలోకు 40 మీటర్లు వస్తుంది కాబట్టి 71 కిలోలకు తక్కువైతే చాలదు. తూకం వేయించే తీసుకోండి.

బ్యాటరీ మరీ చిన్నది. ఈ తరహా మిషను ఆంపియరులో ఐదో వంతు లాగినా రోజుకు 5 ఏహెచ్ దాకా ఖర్చవుతుంది. ముసురు పట్టి ఒక్కరోజు ఎండ రాకపోతే రెండో రాత్రికి మిషను ఆగిపోతుంది. 26 ఏహెచ్ బ్యాటరీ, 40 వాట్ల ప్యానెల్ పెట్టుకుంటే ఈ బెడద ఉండదు.

కంచె పనిచేయడం లేదని వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఎర్తు దగ్గరే తేలతాయి. జింక తీగను తాకినప్పుడు కరెంటు దాని ఒంట్లోంచి నేలలోకి దిగి, ఎర్తు కడ్డీ ద్వారా మిషనుకు తిరిగి రావాలి. గిట్టలు కరెంటును సరిగా పారనివ్వవు. పైగా జూలైలో మొలక లేచాక వాన మొహం చాటేస్తే ఎర్రనేల ఎండి అసలే పారనివ్వదు. కంచె వోల్టులు కొలిచే మీటరు మాత్రం 6 కిలోవోల్టులు (ఆరు వేల వోల్టులు) చూపిస్తూనే ఉంటుంది, మంద మాత్రం శెనక్కాయ చేన్లోనే ఉంటుంది. అందుకే మూడు కడ్డీలు, ఒక్కొక్కటి మీటరున్నర లోతున, మూడేసి మీటర్ల ఎడంతో దించి కలపాలి. పరీక్ష తేలికే: వంద మీటర్ల అవతల ఇనుప కడ్డీలను నేలలో గుచ్చి తీగకు ఆనించి, కంచె వోల్టేజిని 2 కిలోవోల్టుల కిందికి దింపండి. అప్పుడు ఎర్తు కడ్డీ దగ్గర 0.3 కిలోవోల్టు దాటితే ఇంకో కడ్డీ కావాలి. ఎండు నేలలో ఇంతకన్నా మేలైన పద్ధతి, రెండో, నాలుగో తీగల్ని మిషను ఎర్తుకే కలిపేయడం. పక్కపక్క తీగలు రెండూ తగిలిన జంతువుకు నేలతో పనిలేకుండానే దెబ్బ పడుతుంది.

కృష్ణజింక ఎగరగలదు, కానీ కింద సందుంటే అందులోంచే దూరుతుంది. తీగలు 20, 40, 65, 95, 130 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి. పక్కన నీలగిరి తోట ఉండి పందులు కూడా వస్తుంటే అడుగు తీగ 15కు దించండి. రాతి కూసాలకు తీగ తగిలితే తడిసినప్పుడు కరెంటు కారిపోతుంది. మూలల్లో లాగుడు ఎక్కువ కాబట్టి అక్కడ సెట్‌లోని ప్లాస్టిక్‌వి వద్దు, పింగాణీ ఇన్సులేటర్లే వేయండి. గేటు కింద ఇంటి వైరు పూడ్చడం ఇంకో పొరపాటు: అది 1,100 వోల్టుల వైరు, కంచెలో తిరిగేది వేల వోల్టులు. కంచె కేబులే అడిగి తీసుకోండి. వాన పడ్డాక గడ్డి అడుగు తీగను తాకకుండా వారానికోసారి కోయాలి. కంచె చివర 4 కిలోవోల్టులకు తగ్గితే ముందు చూడాల్సింది గడ్డినే.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. మోటారు లైను నుంచి తీగకు నేరుగా కరెంటు పెట్టొద్దు. ఝట్కా దెబ్బ క్షణంలో తెగిపోతుంది, లైను కరెంటు పట్టుకుని వదలదు. రాత్రి నీళ్లు కట్టడానికి వచ్చిన మనిషే పోతాడు. కృష్ణజింక 1972 వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది. దాన్ని చంపితే మూడు నుంచి ఏడేళ్ల జైలు.

మిషనుకు ఐదులో నాలుగు, సెట్‌కు రెండు. అంగడివాళ్లు ఒప్పుకుంటే మిషను ఒక్కటే బిల్లు వేయించుకుని, తీగ, బ్యాటరీ, కడ్డీలు విడిగా కొనండి. బిల్లు మీద మిషను సీరియల్ నంబరు రాయించుకోండి.