పిల్లల డ్రాయింగ్ బాక్స్: కార్డులకు నూటికి ఎనభై, కాగితానికి సున్నా

ముందే చెప్పేస్తున్నా, ఈ బాక్స్ నాకు నచ్చింది, కానీ మొత్తం నచ్చలేదు. మా ఇంట్లో దీన్ని ఇద్దరు వాడుతున్నారు, ఐదేళ్ల పిల్లాడు, తొమ్మిదేళ్ల అమ్మాయి. చాలా కంపెనీలు ఇంచుమించు ఇదే సరుకుతో ఇలాంటి బాక్సులు అమ్ముతున్నాయి కాబట్టి పేరు రాయట్లేదు. లోపల ఏముంది, దాంతో పిల్లలకు నిజంగా బొమ్మలు గీయడం వస్తుందా, అదే రాస్తున్నా.

లోపల 30 యాక్టివిటీ కార్డులు, పొట్టి క్రేయాన్లు, వాటర్ కలర్ బిళ్లలు, రెండు బ్రష్‌లు, మొండి కత్తెర, తెల్లకాగితాల కట్ట, ఒక గుడ్డసంచీ, పెద్దవాళ్ల కోసం చిన్న పుస్తకం ఉన్నాయి. వీటన్నిట్లో అసలు విలువంతా కార్డుల్లోనే ఉంది, అందులోనూ సగం కార్డుల్లో.

నాకు బాగా నచ్చింది సంచీ కార్డు. పెద్దవాళ్లు ఏదో ఒక వస్తువు సంచీలో వేసి ఇస్తారు, పిల్లలు చూడకుండా చెయ్యి లోపల పెట్టి తడిమి, ఇంకో చేత్తో దాన్ని గీయాలి. నేను దువ్వెన వేసిచ్చాను. మావాడు పళ్లు ఒక్కొక్కటీ వేలితో తడుముతూ ఒక్కొక్క గీత గీశాడు, కాగితం చివర వరకూ వెళ్లి చోటు సరిపోక వెనక్కి తిప్పి మరీ గీశాడు! మామూలుగా "దువ్వెన వెయ్యరా" అంటే నాలుగు గీతలు గీకి లేచిపోయేవాడు. పేరేంటో తెలియకముందే ఆకారం చేతికి తగులుతుంది కాబట్టి, మనసులో ముందే ఉన్న దువ్వెన బొమ్మ అడ్డురాదు. గీయడం నేర్పడంలో కష్టమంతా అక్కడే ఉందని నాకనిపిస్తుంది. పిల్లలు కనిపించింది గీయరు, తెలిసింది గీస్తారు. టేబుల్‌కి నాలుగు కాళ్లని తెలుసు కాబట్టి పక్కనుంచి చూసినా నాలుగూ వేసేస్తారు, కారు తలుపులోంచి లోపల కూర్చున్న మనిషి కాళ్లు కూడా వేస్తారు. అది తప్పేం కాదు, ఆ వయసు లెక్క అది.

రెండోది అట్ట కార్డు. అట్టముక్క మధ్య బెజ్జం చేసి అందులోంచి పెన్సిల్ దూర్చి పట్టుకుంటే చెయ్యీ, గీస్తున్న గీతా రెండూ కనపడవు, కళ్లు ఎదురుగా ఉన్న బూటు మీదే ఉండాలి. ఆర్ట్ కాలేజీల్లో కూడా ఈ అభ్యాసం చేయిస్తారు. వచ్చిన బూటు వంకరటింకరగా ఉంటుంది, ఇద్దరూ పడీపడీ నవ్వారు, కానీ లేసు ఏ బెజ్జంలోంచి ఏ బెజ్జంలోకి వెళ్తుందో మా అమ్మాయి మొదటిసారి చూసింది. ఈ అట్టని ఒకటే ఇచ్చారు, ఇద్దరు పిల్లలున్న ఇంట్లో కొట్లాటకి అదొక్కటి చాలు. ఏదైనా పాత డబ్బా మూత కత్తిరించుకోండి.

కాగితం కింద ఆకు పెట్టి రుద్దే కార్డు అందరికీ తెలిసిందే. ఈనెలున్న వైపు పైకి పెట్టి, క్రేయాన్‌కి కాగితం ఒలిచేసి అడ్డంగా పడుకోబెట్టి రుద్దాలి, మొనతో రుద్దితే రాదు. ఈ ముక్క కార్డు మీద లేదు, అందుకే మొదట్లో ఏమీ రావట్లేదని వదిలేస్తారు. 1925లో మాక్స్ ఎర్న్‌స్ట్ అనే జర్మన్ చిత్రకారుడు చెక్క నేల మీద కాగితం పరిచి ఇలాగే రుద్ది, వచ్చిన చారల్లోంచి అడవులూ పక్షులూ తీశాడు. ఈ కార్డు మాత్రం ఆకు ముద్ర పడగానే "శభాష్" అని ఆపేస్తుంది. అక్కణ్నుంచే కదా మొదలవ్వాలి, ఇందులో నీకేం కనిపిస్తోంది, దానికి కాళ్లు పెడతావా అని.

ఇక నచ్చనివి. చివరి పది కార్డులూ "ఇలా గీయండి" రకం. సున్నా చుట్టు, రెండు చెవులు పెట్టు, మీసాలు, తోక, ఇదిగో పిల్లి. మావాడు చెవి దగ్గరే ఆగిపోయి "నాకు రాదు, నువ్వే వెయ్యి" అన్నాడు. అంతకుముందు ఆరు కాళ్ల పిల్లులు ధీమాగా వేసిన పిల్లాడు! మా అమ్మాయికి మాత్రం ఇవే ఎక్కువ నచ్చాయి, నిజం చెప్పాలి. తొమ్మిది దాటాక పిల్లలకి బొమ్మ అచ్చం నిజంలా రావాలన్న పట్టుదల మొదలవుతుంది, రాకపోతే విసుగొచ్చి గీయడమే మానేస్తారు, వాళ్లకి ఇలాంటి మెట్లు కొంత పనికొస్తాయి. మరి డబ్బా మీద "3 నుంచి 10 ఏళ్లు" అని ఒకే గాటన ఎలా కట్టారో అర్థం కాదు. మూడేళ్లకి పిచ్చిగీతలు, నాలుగైదేళ్లకి తలకాయలోంచే కాళ్లు మొలిచే మనుషులు, ఏడేళ్ల వైపుకి వస్తే అడుగున నేల గీత, పైన ఆకాశం పట్టీ. పిల్లల బొమ్మల మీద పరిశోధన చేసిన లోవెన్‌ఫెల్డ్ 1947లోనే ఈ దశలన్నీ వివరంగా రాశాడు. కార్డుల మూల మీద వయసు వేస్తే పోయేది.

సామాను సంగతి. క్రేయాన్లు బాగున్నాయి, పొట్టిగా ఉండటం వల్ల పిల్లలు పిడికిలితో కాకుండా వేళ్లతో పట్టుకుంటున్నారు. బ్రష్‌లు వెంట్రుకలు రాలుస్తున్నాయి. కత్తెర కాగితాన్ని కోయదు, నములుతుంది. కాగితం అయితే ప్రింటర్‌లో వేసే 80 జీఎస్ఎం (చదరపు మీటరుకి 80 గ్రాములు) పలచటి రకం, తెల్ల క్రేయాన్‌తో గీసి పైన రంగునీళ్లు పూసే కార్డు దాని మీద చేస్తే మైనమున్న చోట గీత తెల్లగా మెరిసేలోపే కాగితం ఉబ్బి చిరిగింది. పిల్లలకి మాయలా అనిపించాల్సిన ఒకే ఒక్క కార్డు అది, దాన్నే పాడుచేశారు. నేను 200 జీఎస్ఎం మందపు కాగితం వేరే కొన్నాను, అప్పుడు చక్కగా వచ్చింది.

క్యూఆర్ కోడ్ కొడితే వీడియోలు వస్తాయి. వాటిలో పూర్తయిన బొమ్మ ముందే చూపిస్తారు, ఇక పిల్లలు దాన్నే దించుతారు. కాబట్టి వీడియో మీరొక్కరే ముందు చూసేసి ఫోన్ దాచేయండి.

పెద్దవాళ్ల పుస్తకం చిన్నదే అయినా చదవండి. "ఇదేంటి?" అని అడగొద్దు, "దీని గురించి చెప్పు" అనండి అన్న సలహా ఒక్కటే మా ఇంట్లో చాలా మార్చింది, ఇదేంటి అంటే మావాడు ముఖం మాడ్చుకునేవాడు. రబ్బరు కావాలనే ఇవ్వలేదట, అది కూడా సబబే.

పిల్లల చేతికిచ్చేసి మన పని మనం చూసుకోవచ్చు అనుకునేవాళ్లు కొనొద్దు, దాదాపు ప్రతి కార్డుకీ పక్కన ఒక పెద్దమనిషి కూర్చోవాలి, తర్వాత టేబుల్ తుడవాలి కూడా. మూడేళ్ల పిల్లలుంటే ఇంకో రెండేళ్లు ఆగండి, అంతవరకూ లావు క్రేయాన్లు, పెద్ద కాగితాలు ఇస్తే వాళ్లకి అంతకు మించి ఏమీ అక్కర్లేదు. కార్డులు విడిగా అమ్ముతారా అని కంపెనీకి రాశాను, అమ్మరట. అమ్మితే రెండో సెట్ ఇవాళే తెప్పిస్తాను.