టేకు సొరుగుకు డవ్‌టైల్: చేత్తో కోయాలా, రూటర్‌తోనా?

హైదరాబాద్‌లో ఇప్పుడు చాలా ఇళ్లలో సొరుగులు ప్లైవుడ్‌వే. వాటికి స్క్రూలు, ఫెవికాల్ చాలు. డవ్‌టైల్ (పావురం తోక ఆకారపు పళ్లు ఒకదానిలో ఒకటి ఇరుక్కునే మూల అతుకు) కోసినా అంచుల్లో పొరలు లేచిపోతాయి. నిజమైన టేకు చెక్కతో సొరుగు చేసుకునేవాళ్లకే ఈ ప్రశ్న.

వంటగది మొత్తానికి చేస్తుంటే రూటర్ (చెక్కను తొలిచే కరెంటు యంత్రం) తీసుకోండి. మామూలు జిగ్‌లో (రూటర్‌కు దారి చూపే చట్రం) ముందు పలకను, పక్క పలకను కలిపి బిగించి ఒకేసారి కోస్తారు. అతుకు వదులైతే బిట్‌ను (రూటర్ కోత మొన) కాస్త కిందికి దించాలి, బిగుతైతే పైకెత్తాలి. ఆ లోతు కుదిరేదాకా పనికిరాని ముక్కల మీద కోసి చూడాలి. కుదిరాక ఇరవై సొరుగులైనా ఒకేలా వస్తాయి. టేకులో పదును పోగొట్టే సిలికా ఉంటుంది కాబట్టి గట్టి కార్బైడ్ బిట్టే వాడాలి. అపార్ట్‌మెంట్ బాల్కనీలో మాత్రం ఆ మోతకు, దుమ్ముకు పక్కింటివాళ్లతో గొడవే.

ఒకటి రెండు సొరుగులకైతే చేతిపనే మేలని నా గట్టి అభిప్రాయం. జిగ్ సెట్ చేసే సమయంలో చేత్తో ఒక మూల కోసేయొచ్చు. పైగా తోకల (పావురం తోకలా విచ్చుకున్న పళ్లు) మధ్య దిగే పిన్నుల్ని (రెండో పలక పళ్లు) ఎంతో సన్నగా కోసుకోవచ్చు. మామూలు జిగ్‌లో ఆ అందం రాదు, అన్నీ ఒకే వెడల్పు. సన్న పళ్ల రంపం, ఉలి, మార్కింగ్ గేజ్ (అంచుకు సమాంతరంగా గీత గీసే పనిముట్టు) ఉంటే చాలు, రాణిగంజ్‌ హార్డ్‌వేర్ షాపుల్లో వెతకండి.

టేకుకు తోకల వాలు 1:8 (ఎనిమిది పొడవుకు ఒకటి పక్కకు) బాగుంటుంది, మెత్తటి చెక్కకైతే 1:6. మొదట పక్క పలకకు తోకలు కోసి, దాన్ని ముందు పలక చివర మీద ఆనించి కత్తి మొనతో గీతలు పెట్టాలి. రంపం గీతను తినకూడదు, తీసేసే చెక్క వైపే నడవాలి. బిగించి చూసేటప్పుడే అసలు ఓపిక కావాలి. పూర్తిగా దించి లాగుతూ పోతే అతుకు వదులైపోతుంది. తోకల లోపలి అంచులకు పెన్సిల్ రుద్ది, కొద్దిగా మాత్రమే దించి తీయండి. ఎక్కడ ఒరుసుకుంటే అక్కడ పిన్నుకు నలుపు అంటుతుంది. అంతమేరకే ఉలితో పల్చగా చెక్కాలి. టేకుకు ఉలి త్వరగా మొద్దుబారుతుంది, సానరాయి పక్కనే పెట్టుకోండి.

ఎలా కోసినా వానాకాలంలో రెండు పలకలూ ఒకే దిక్కుకు ఉబ్బుతాయి కాబట్టి అతుకు విడిపోదు, సొరుగే ఇరుక్కుంటుంది. మే ఎండల్లో చేస్తుంటే పైన 2 మిల్లీమీటర్లు ఖాళీ వదలండి.