పని నేర్పే ఖర్చు ఎవరు భరిస్తే మేలు: ఖజానానా, కంపెనీలా, కుటుంబమా?

ఒక ప్రభుత్వ ఐటీఐ వర్క్‌షాపులో ఫిట్టర్ ట్రేడు కుర్రవాడు ఇనుప ముక్కను వైసులో బిగించి, ఆకురాయితో రుద్ది, మూలమట్టం ఆనించి సందులోంచి వెలుతురు వస్తోందేమోనని చూసుకుంటున్నాడు. ఆ ముక్క అప్పటికే అరిగి పలచబడింది, ఎందుకంటే అంతకుముందు మరో ఇద్దరు దాని మీదే చేయి తిప్పుకున్నారు. జీతాలకు బడ్జెట్ వస్తుంది గాని ఇనుముకూ వెల్డింగ్ రాడ్లకూ వచ్చేసరికి చేయి బిగుసుకుంటుందని అక్కడి బోధకుడు చెప్పారు. వృత్తివిద్యకు డబ్బు ఏ దారిన రావాలన్న ప్రశ్న నాకు అక్కడే మొదలైంది.

కుటుంబమే ఫీజు కట్టుకోవడం అన్నిటికంటె బలహీనమైన మార్గమని నా అభిప్రాయం. పిల్లవాడు నేర్చుకోబోయే పనిని బ్యాంకులో తాకట్టు పెట్టలేము కాబట్టి సత్యవేడులోనో పుత్తూరులోనో ఉన్న చిన్న రైతు చివరికి ఇంట్లోని బంగారం వైపే చూస్తాడు. కేంద్రం 2015లో లక్షన్నర పరిమితితో తెచ్చిన నైపుణ్య రుణ పథకాన్ని 2024లో ఏడున్నర లక్షలకు పెంచినా, అప్పు అప్పే. పైగా ఫీజు మీద బతికే సంస్థ సరుకు ఖర్చు తక్కువగా ఉండే కంప్యూటర్ కోర్సుల వైపు మొగ్గుతుందే తప్ప, రోజూ రాడ్లు కాల్చే వెల్డింగ్ వైపు మొగ్గదు.

కంపెనీల సంగతి ఇంత తేలిక కాదు. రేణిగుంటలోని ఒక ఫ్యాక్టరీ ఏడాది పాటు నేర్పిన కుర్రవాణ్ణి శ్రీసిటీ పారిశ్రామికవాడలో మరొకరు రెండు వేలు ఎక్కువిచ్చి తీసుకుపోతే, నేర్పినవాడికి నష్టం, నేర్పనివాడికి లాభం. అందుకే ఎవరికి వారు ఎదుటివాడు నేర్పితే బాగుండునని కూర్చుంటారు. ఈ చిక్కును విడదీయడానికే కొన్ని దేశాలు కంపెనీలు ఇచ్చే జీతాల మొత్తం మీద శిక్షణ కోసం సెస్సు వేశాయి. 1942లో బ్రెజిల్‌లో ఏర్పడిన సెనాయ్ అనే శిక్షణ సంస్థ పరిశ్రమలు తమ జీతాల మొత్తంపై కట్టే 1 శాతంతో నడుస్తోంది, దాని నిర్వహణ కూడా పారిశ్రామికవేత్తల సమాఖ్య చేతిలోనే ఉంది. తర్వాత ఆ దేశానికి అధ్యక్షుడైన లూలా లేతు యంత్రం మీద పని నేర్చుకున్నది అక్కడే. దక్షిణాఫ్రికా 2001 నుంచి అదే 1 శాతం వసూలు చేస్తూ, ఏటా జీతాల మొత్తం 5 లక్షల రాండ్లు దాటని చిన్న యజమానులను మినహాయించింది.

ఆ మినహాయింపు న్యాయమైనదే గాని, మన దగ్గర అసలు చిక్కు అక్కడే ఉంది. తిరుపతి బస్టాండు చుట్టుపక్కల మెకానిక్ షెడ్లలో స్పానరు పట్టుకున్న పిల్లలు ఏ కంపెనీ జీతాల పట్టికలోనూ కనిపించరు, కాబట్టి సెస్సు వారిని తాకనే తాకదు. మరో భయం వసూలైన సొమ్ము గురించి. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996 చట్టం కింద నిర్మాణ వ్యయంపై వసూలు చేస్తున్న సెస్సు ఖర్చు కాకుండా పేరుకుపోయిందని సుప్రీంకోర్టు రాష్ట్రాలను మందలించవలసి వచ్చింది. అజమాయిషీలో యాజమాన్యాలకూ కార్మికులకూ పాలు లేని సెస్సు ఇంకో ఖాతాగా మిగిలిపోతుంది.

కొత్త సెస్సు కంటె ముందు, చేతిలో ఉన్నదాన్ని వాడుకోవచ్చు. 1961 అప్రెంటిస్ చట్టం ప్రకారం 30 మంది లేదా అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థ తన బలగంలో 2.5 నుంచి 15 శాతం మేర అప్రెంటిస్‌లను తీసుకోవాలి, 2016 పథకం కింద స్టైపెండులో 25 శాతాన్ని, నెలకు 1,500 రూపాయలకు మించకుండా కేంద్రం భరిస్తుంది. శ్రీసిటీ పెద్ద కర్మాగారాలకు ఇది చాలినంత మార్గం.

అయితే రెండేళ్ల ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ పునాదిని మాత్రం ఖజానాయే మోయాలి, ఎందుకంటే ఏ ఒక్క కంపెనీకీ చెందని పనిని ఏ కంపెనీ పూర్తిగా నేర్పదు. (తిరుపతిలో సంప్రదాయ శిల్పకళ నేర్పే సంస్థను నడిపేది కూడా తిరుమల తిరుపతి దేవస్థానాలే.) కాకపోతే ఆ బడ్జెట్‌లో ముడిసరుకు పద్దును జీతాల పద్దు నుంచి విడదీసి, విద్యార్థుల సంఖ్యను బట్టి ఏడాది మొదట్లోనే ప్రిన్సిపాల్ చేతికి ఇవ్వాలి. షెడ్డులో పని నేర్చిన కుర్రవాడికి పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే ఖర్చునూ అందులోనే చేర్చాలి, దానికి సెస్సూ రాదు, ఫీజూ రాదు.