నందికొండా, సావనదుర్గా: ఆదివారం పొద్దున ఎటు?

బెంగళూరులో కొండెక్కాలనుకునే మనవాళ్లకు ముందు గుర్తొచ్చేవి ఈ రెండే. ఎత్తులో నందిదే పైచేయి: 1,478 మీటర్లు. సావనదుర్గ 1,226. అయితే నంది పైదాకా తారురోడ్డుంది; పెద్దవాళ్లతో, చంటిపిల్లలతో వెళ్లొచ్చు. చిక్కల్లా సూర్యోదయం కోసం అందరూ ఒకేసారి బయల్దేరడమే, ఘాట్‌లో కార్లు బారులు తీరతాయి. వారం మధ్యలో హాయి. అన్నట్టు, నెల్లూరు దాటి సముద్రంలో కలిసే మన పెన్న పుట్టింది ఈ కొండల ప్రాంతంలోనే.

సావనదుర్గ సంగతి వేరు. మాగడి దగ్గరి ఈ ఏకశిలను నున్నటి బండ మీదుగానే ఎక్కాలి, నీడ దాదాపు ఉండదు. మనిషికి కనీసం 2 లీటర్ల నీళ్లు, పట్టున్న రబ్బరు అడుగు బూట్లు తప్పవు. ఎక్కడం కంటే దిగడమే కష్టం. వాన పడితే బండ మీది నల్లటి నాచుపొర సబ్బులా జారుతుంది. మోకాళ్లు కాస్త వంచి, పాదం మొత్తం ఆనించి, ఏటవాలుగా అటూ ఇటూ తిరుగుతూ దిగాలి. వెనక్కి వాలి మడమల మీద బరువేస్తే జారినట్టే. బాణం గుర్తులు వదిలి అడ్డదారి పట్టొద్దు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు నందే మేలు.

చెత్త విషయంలో మాత్రం నందిలోనే ఎక్కువ జాగ్రత్త కావాలి. చేతిలో కవర్ కనిపిస్తే చాలు, కోతులు లాక్కుపోతాయి. చిప్స్ ప్యాకెట్ లోయలో పడ్డాక ఎవరూ తీయలేరు. తిండి స్టీలు డబ్బాలో, జిప్పున్న సంచీలో పెట్టుకోండి. సావనదుర్గలో "తొక్కే కదా" అని విసిరిన నారింజ తొక్క కూడా ఎండిపోయి బండ పగుళ్లలోనే పడుంటుంది. దాన్నీ వెనక్కి తెచ్చేయండి.