ఇంటి పన్నులో గ్రంథాలయానికి లెక్కుంది, 108కి లేదు: విశాఖ అంబులెన్స్ సేవపై సమీక్ష

జీవీఎంసీ (మహా విశాఖ నగరపాలక సంస్థ) డిమాండ్ నోటీసు ఒకటి తీసి చూడండి. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కూడా అందులో ఉంటుంది. పన్నులో రూపాయికి 8 పైసలు, 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద. సెస్సు కలపక ముందు 6,000 రూపాయల పన్ను పడే ఇల్లు ఏటా 480 రూపాయలు పుస్తకాలకు ఇస్తోందన్నమాట. అంబులెన్స్ అన్న మాట మాత్రం ఆ కాగితంలో ఎక్కడా ఉండదు. అయినా రాత్రి రెండు గంటలకు గుండె పట్టుకుని కూర్చున్న మనిషి కోసం 108 నొక్కితే బండి వస్తుంది, పైసా అడగదు. ఆ బండి ఎవరి డబ్బుతో నడుస్తోంది, ఆ డబ్బు ఎక్కడిదాకా వస్తోంది, ఎక్కడ ఆగిపోతోంది అన్నది తెలిస్తే తప్ప ఈ సేవకు మార్కులు వేయడం కుదరదు.

మార్కులు ముందే చెప్పేస్తాం. ఫోను ఎత్తడం, బండి, బండిలోని సామాను, ఈ మూడింటికీ కలిపి పదికి ఎనిమిది. తారు రోడ్డు అయిపోయి మెట్లు మొదలయ్యే చోటు నుంచి మాత్రం నాలుగే.

108 మొదలైంది 2005 ఆగస్టు 15న, ఉమ్మడి రాష్ట్రంలో. తర్వాత నడిపే సంస్థలు మారాయి, బళ్ల రంగులు మారాయి, నంబరు మాత్రం మారలేదు. బండిలో ఇద్దరుంటారు: నడిపే పైలట్, వెనక రోగి దగ్గర ఈఎంటీ (అత్యవసర వైద్య సహాయకుడు). మామూలు బండిని బీఎల్ఎస్ (బేసిక్ లైఫ్ సపోర్ట్) అంటారు. అందులో ఆక్సిజన్, సక్షన్, పల్స్ ఆక్సీమీటరు, షుగర్ చూసే మీటరు, మెడ కాలర్, స్పైన్ బోర్డు, నిలువునా రెండుగా విడిపోయే స్కూప్ స్ట్రెచర్ ఉండాలి. వెంటిలేటరు, గుండెకు షాకిచ్చే యంత్రం కలిగినది ఏఎల్ఎస్ (అడ్వాన్స్‌డ్ లైఫ్ సపోర్ట్). నెలలు నిండని పిల్లలకు ఇంక్యుబేటరున్న బళ్లు వేరే ఉన్నాయి. అనుమానం వస్తే ఈఎంటీ కాల్ సెంటర్‌లోని డాక్టరుతో మాట్లాడి మందు ఇస్తారు.

ఆక్సిజన్ లెక్క బంధువులకు కూడా తెలిసుంటే మంచిది. చిన్నదైన బీ టైపు సిలిండరులో నిండుగా ఉంటే దాదాపు 1,500 లీటర్లు, పెద్దదైన డీ టైపులో 7,000 లీటర్లు. నిమిషానికి 10 లీటర్లు పెడితే చిన్నది రెండున్నర గంటలు వస్తుంది, 15 పెడితే గంటా నలభై నిమిషాలు. ఇది కాగితం మీది లెక్క. సగం వాడిన సిలిండరైతే అందులో సగమే. భీమిలి నుంచి మహారాణిపేటలోని పెద్దాసుపత్రి కేజీహెచ్‌కు ఇది ఎక్కువే. ఒక ఆసుపత్రిలో పడక లేదని ఇంకోదానికి, అక్కణ్ణుంచి మరోదానికి తిప్పితేనే ముల్లు ఎర్ర గీత మీదికి వస్తుంది. రెండో ఆసుపత్రికి బయల్దేరే ముందు గేజ్ చూడమని ఈఎంటీని అడగడంలో తప్పేమీ లేదు.

ఫోనులో ఏం చెప్పాలన్నది చాలామందికి తెలియదు. డోరు నంబరు చెప్పి ఊరుకుంటారు. విశాఖలో 50-40-12/3 లాంటి నంబరుతో ఇల్లు దొరకడం పోస్ట్‌మ్యాన్‌కే కష్టం, ఒకే సందులో పక్క ఇంటి నంబరు ఎక్కడికో దూకేస్తుంది. దాని బదులు జంక్షన్, అక్కణ్ణుంచి ఏ వైపు, బండి చివరిగా ఆగగల చోటు, అక్కడున్న గుడో కిరాణా కొట్టో సచివాలయమో చెప్పండి. మెట్లుంటే ఎన్నో చెప్పండి. రోగికి తెలివి ఉందా, ఊపిరి ఎలా ఆడుతోంది, మనిషి బరువెంత అన్నవి తర్వాత. బయల్దేరాక పైలట్ అదే నంబరుకు ఫోన్ చేస్తాడు. ఆ టైములో మీరు బంధువులందరికీ కబురు చెబుతూ లైను ఆక్రమిస్తే బండి జంక్షన్‌లో నిలబడిపోతుంది. ఒకరు కిందికి దిగి, చేతిలో టార్చి వెలిగించుకుని రోడ్డు మొగలో ఉండాలి.

అసలు ఇబ్బంది మొదలయ్యేది ఇక్కడే. ఈ ఊరు కొండలకీ సముద్రానికీ మధ్య పెరిగింది. ఆరిలోవ, హనుమంతవాక, మాధవధార, కంచరపాలెం వైపు కొండవాలు మీద ఇళ్లు మెట్లెక్కి పైకి పాకాయి. రాష్ట్రం పెట్టుకున్న లక్ష్యం పట్టణాల్లో 15 నిమిషాలు. గడియారం ఆగేది మాత్రం బండి ఘటన స్థలానికి చేరిందనుకున్నప్పుడు, అంటే కొండ కింద రోడ్డు మీద. పైకి నూటయాభై మెట్లెక్కడం, రోగిని పట్టుకుని మళ్లీ నూటయాభై దిగడం ఆ పదిహేనులోకి రాదు. రికార్డులో 12 నిమిషాలని పడిన కేసులో రోగి బండి ఎక్కేసరికి అరగంట దాటొచ్చు. ఇందులో అబద్ధం ఎవరిదీ కాదు, కొలిచే పద్ధతిలోనే మెట్లు లేవు.

దించడానికి ఉన్నది ఇద్దరు, అందులో ఒకరు మొత్తం సామాను మోయాలి. బండిలోని చక్రాల స్ట్రెచర్ మూడడుగుల సందులో తిరగదు. అందుకని ఇంట్లోవాళ్లు ప్లాస్టిక్ కుర్చీ తెస్తారు. దానిమీద దించడం చాలా ప్రమాదం. వెనక్కి వంచగానే బరువంతా వెనక కాళ్ల మీద పడి అవి విచ్చుకుంటాయి, లేదా చేతులు పెట్టుకునే చోటు దగ్గర పుటుక్కున విరుగుతుంది. దుప్పటిలో మోస్తే నడుము ముడుచుకుపోయి, ఊపిరాడని మనిషికి ఇంకా ఆడదు. స్కూప్ స్ట్రెచర్ ఉంటే రెండు ముక్కలు చెరో పక్క నుంచి రోగి కిందికి తోసి, తల దగ్గరా కాళ్ల దగ్గరా క్లిక్కుమనే దాకా బిగించి, ఛాతీ, నడుము, మోకాళ్ల పైన మూడు పట్టీలు వేయాలి. పాదాలు ముందు, తల కొండవైపు. నలుగురు పట్టాలి. ఆయాసంతో పడుకోలేని మనిషికైతే ఇది పనికిరాదు, వాళ్లను కూర్చోబెట్టే దించాలి. దానికి మెట్ల కుర్చీ అని వేరే ఉంటుంది, వెనక బెల్టు మెట్ల అంచుల మీద జారుతూ బరువు తనే ఆపుతుంది. కొండవాలు వార్డుకు ఒక్కటున్నా చాలా పని జరుగుతుంది.

రెండో అడ్డంకి దించిన తర్వాత వస్తుంది. ఏ పెద్ద క్యాజువాలిటీలోనైనా రద్దీ వేళ ఖాళీ ట్రాలీ దొరకదు. రోగి అంబులెన్స్ స్ట్రెచర్ మీదే ఉంటాడు, స్ట్రెచర్ తిరిగి చేతికొచ్చేదాకా బండి కదలదు. ఆ నలభై నిమిషాలూ గాజువాకలో ఇంకెవరో ఫోను పట్టుకుని ఎదురుచూస్తుంటారు. కొత్త బండి కొనడం కన్నా క్యాజువాలిటీ గుమ్మం దగ్గర నాలుగు ట్రాలీలు, వాటిని తోయడానికి ఇద్దరు మనుషులు ఎక్కువ బళ్లను విడిపిస్తారు. ఎవరూ రిబ్బన్ కత్తిరించని ఖర్చు కనుక ఎవరూ పెట్టరు.

108ని దేనికి పిలవకూడదో కూడా చెప్పాలి. కాన్పయ్యాక ప్రభుత్వాసుపత్రి నుంచి తల్లీబిడ్డల్ని ఇంటికి దించడానికి 102. 104 ఊళ్లకు వెళ్లే వైద్య బండి, అత్యవసరానికి కాదు. ప్రభుత్వాసుపత్రిలో చనిపోయినవారిని ఇంటికి చేర్చడానికి మహాప్రస్థానం. ప్రైవేటు ఆసుపత్రి నుంచి డిశ్చార్జి అయి ఇంటికెళ్లడం వీటిలో దేనికిందకీ రాదు. గేటు ముందు నిలబడ్డ ప్రైవేటు బండితో ఎక్కక ముందే రేటు, వెయిటింగు, ఆక్సిజన్ కలిపో విడిగానో మాట్లాడుకోవాలి. దానికి మీటరు లేదు.

ఇక డబ్బు సంగతి. 108 ఖర్చు రాష్ట్ర బడ్జెట్‌దీ, జాతీయ ఆరోగ్య మిషన్‌దీ. మిషన్‌లో కేంద్రం వాటా 60, రాష్ట్రం వాటా 40. మిషన్ కొలత ప్రకారం లక్ష మందికి ఒక బీఎల్ఎస్, ఐదు లక్షలకు ఒక ఏఎల్ఎస్. 2011 జనాభా లెక్కల్లో జీవీఎంసీ పరిధిలో ఉన్నది 17.28 లక్షలు. అంటే 17 మామూలు బళ్లు, మూడు పెద్దవి. కొలత తలలను లెక్కపెడుతుంది, ఎత్తును లెక్కపెట్టదు. చదునైన ఊరికీ కొండల ఊరికీ ఒకటే. బండి ఒకటి రాత్రీపగలూ తిరగాలంటే రెండు షిఫ్టులకు ఇద్దరేసి, సెలవులకు మారు మనుషులు కలిపి ఐదారుగురి జీతం పడుతుంది. రాష్ట్రం కట్టేది ఇలా తిరిగే బండికి. మెట్ల కుర్చీ, ట్రాలీ తోసేవాడు ఆ లెక్కలో పడరు. అవి స్థానికం, స్థానిక డబ్బు లేదు.

ఆస్తి పన్ను మీద అంబులెన్స్ నడపడం అమెరికాలో పాత సంగతే. టెక్సాస్‌లో ఓటర్లు ఒప్పుకుంటే అత్యవసర సేవల జిల్లా ఏర్పడుతుంది, ఆస్తి విలువలో ప్రతి 100 డాలర్లకు 10 సెంట్లు మించకుండా పన్ను వేసుకోవచ్చు. అంటే 0.10 శాతం. మన రాష్ట్రంలో 2021 నుంచి ఇంటికి వచ్చే అద్దెను బట్టి పన్ను వేసే పద్ధతి పోయి, ఆస్తి విలువ మీద వేసే మూలధన విలువ పద్ధతి వచ్చింది. నివాసాలకు పన్ను 0.10 నుంచి 0.50 శాతం మధ్య ఉండాలన్నారు. వాళ్లు ఫైరుకూ అంబులెన్సుకూ మాత్రమే వేయగల గరిష్ఠం, మన మొత్తం ఇంటి పన్ను కనిష్ఠంతో సమానం. ఆస్తి విలువ కట్టే తీరు అక్కడా ఇక్కడా ఒకటి కాదు గానీ, మనం ఇస్తున్నదెంతో అడుగుతున్నదెంతో ఈ పోలికతో తెలుస్తుంది.

ఫ్లోరిడాలో ఇంకో చిక్కు వచ్చింది. నార్త్ లాడర్‌డేల్ పట్టణం ఆస్తులపై ప్రత్యేక అసెస్‌మెంట్ (ఆస్తికి కలిగే లాభాన్ని బట్టి వేసే రుసుము) వేసి అంబులెన్సూ నడుపుదామనుకుంది. 2002లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు కాదంది. మంటలార్పితే ఇంటికి లాభం, కాబట్టి దానికి ఇంటి మీద వేయొచ్చు. అంబులెన్స్ కాపాడేది మనిషిని, ఇంటిని కాదు. కాలిఫోర్నియాలో 1996 నాటి ప్రతిపాదన 218 తర్వాత అసెస్‌మెంట్ వేయాలంటే యజమానులందరికీ బ్యాలెట్ పంపాలి, ఎవరు ఎక్కువ కట్టాలో వాళ్ల ఓటుకు అంత బరువు. ఆ పద్ధతి విశాఖలో పెడితే బీచ్ రోడ్డు అపార్ట్‌మెంట్లు నిర్ణయిస్తాయి, ఆరిలోవ మెట్లు మోస్తాయి.

మన చట్టంలో దారి వేరు. జీవీఎంసీ తనంతట తాను కొత్త సెస్సు వేయలేదు, శాసనసభ చట్టం కావాలి. గ్రంథాలయ సెస్సు కూడా అలా వచ్చిందే, నమూనా చేతిలోనే ఉంది. రూపాయికి ఒక పైసా అనుకుందాం. 6,000 కట్టే ఇంటికి ఏడాదికి 60 రూపాయలు. 5,000 ఇళ్లు సగటున 4,000 కట్టే వార్డులో రెండు కోట్ల పన్ను మీద రెండు లక్షలు. దానితో బండి నడవదు, రెండో నెలకే జీతాలకు అయిపోతుంది. మెట్ల కుర్చీకీ, స్కూప్‌కీ, ఏటా వాటి పట్టీలు మార్చడానికీ, యువకులకు శిక్షణ ఇప్పించడానికీ మాత్రం సరిపోతుంది.

ఈ సెస్సు ఆలోచన దెబ్బతినే చోట్లు మూడున్నాయి. సొంతదారే ఉంటున్న 375 చదరపు అడుగుల లోపు ఇంటికి పన్ను ఏడాదికి 50 రూపాయలే, దాని మీద పైసా సెస్సు అర్ధ రూపాయి. కొండవాలు వార్డుల్లో ఇలాంటివే ఎక్కువ, కాబట్టి సొమ్ము ఏ వార్డుది ఆ వార్డుకే అంటే మెట్లున్న చోట ఏమీ మిగలదు. 98 వార్డులదీ ఒకే ఖాతాలో వేసి మెట్ల లెక్కన పంచాలి. రెండోది, విశాఖలో నేవీ, రైల్వే భూములు చిన్నవి కావు. రాజ్యాంగం 285వ అధికరణం కింద కేంద్రం ఆస్తిపై పన్ను వేయరాదు, వాడుకున్న సేవలను బట్టి పన్నులో 75, 50 లేదా 33⅓ శాతం లెక్కన సర్వీస్ చార్జీ మాత్రమే వస్తుంది. సెస్సు చట్టంలో ఆ చార్జీ నుంచి కూడా వాటా తీయాలని రాయకపోతే అంత మేరా పోయినట్టే. మూడోది జనం ఓపిక. మూలధన విలువ వచ్చాక పన్ను ఏటా 15 శాతం దాకా పెరుగుతూ వచ్చింది. 2021లో ఇంటింటికీ వేసిన చెత్త పన్నును 2024లో ఎత్తేశారు. వేరే రసీదుతో, నెలనెలా తలుపు కొట్టి అడిగే ఏ పద్ధతైనా అదే దారి పడుతుంది. ఇంటి పన్నులో కలిపితే ఏప్రిల్ 30లోగా ఏడాదిది మొత్తం కట్టేసి 5 శాతం రాయితీ తీసుకునేవాళ్లు దాన్ని విడిగా పట్టించుకోరు. ఆలస్యం చేస్తే నెలకు 2 శాతం వడ్డీ ఉండనే ఉంది.

చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేని పని ఒకటుంది. కాలనీ సంఘం ఒక స్కూప్ స్ట్రెచర్ కొనుక్కోవచ్చు. అల్యూమినియంది తీసుకోండి, సముద్రపు గాలికి ఇనుప గొళ్లేలు తుప్పెక్కి బిగుసుకుపోతాయి కాబట్టి లాకులు స్టెయిన్‌లెస్ స్టీలువో కాదో అడిగి తీసుకోండి. నెలకోసారి రెండు ముక్కలూ విడదీసి బిగించి చూడాలి. మెట్లకు కింద నుంచి పైదాకా ప్రతి ఇరవయ్యో మెట్టు మీద పెయింటుతో నంబరు వేస్తే ఫోనులో "అరవయ్యో మెట్టు, ఎడమ చేతి వైపు" అని చెప్పడానికి వీలవుతుంది. స్ట్రెచర్‌ను సచివాలయం లోపల పెట్టొద్దు, సాయంత్రం తాళం పడుతుంది. మెట్ల మొదట్లో ఉన్న కిరాణా కొట్టు అరుగు మీద, గోడకు రెండు కొక్కేలు కొట్టి, టార్పాలిన్ కప్పి వేలాడదీయాలి. గొలుసు వేస్తే తాళంచెవి రాత్రి ఎవరింట్లో ఉంటుందో ఆ గోడ మీదే రాయండి.