మూడు జపాన్ పాళీలు, ఒక తెలుగు వాక్యం

జపానులో ఏ పెన్నుల కొట్టులో కూర్చున్నా నేను రాసి చూసింది ఒకే వరస: "రాజమహేంద్రవరం, స్త్రీ, పాఠం, కథ, జ్ఞానం." పాళీ లావైతే ఠ, థల కడుపులో ఉండే చుక్క ఇంకులో మునిగిపోతుంది. మరీ సన్నమైతే ఒత్తులు తేటగా పడతాయి గానీ, మలుపు తిరిగేచోట కాగితాన్ని గీరుతుంది. ఈ అయిదు మాటలూ గట్టెక్కితే ఆ పెన్ను తెలుగుకు పనికొచ్చినట్టే.

నేను రాజమండ్రిలో పెరిగినవాణ్ణి. పదో తరగతి పాసైనప్పుడు నాన్న కొనిపెట్టిన రత్నం పెన్నుతోనే నా దస్తూరీ కుదురుకుంది. ఆ ఎబొనైట్ (గట్టి రబ్బరు) వాసన ఇప్పటికీ ఇష్టం. ఉద్యోగరీత్యా హైదరాబాదు చేరాక జపాన్ పెన్నుల మీదికి, ముఖ్యంగా పైలట్, సెయిలర్, ప్లాటినం కంపెనీల వాటి మీదికి మనసు పోయింది. రెండేళ్లు డబ్బు దాచి, అక్టోబరులో అక్కతో కలిసి పది రోజులు వెళ్లొచ్చాను.

ముందు బస సంగతి. తొలి మూడు రాత్రులు టోక్యోలోని అసకుసాలో దిగాం. గుడి, వీధి, నది అన్నీ దగ్గరే, కానీ మేం తీసుకున్న గదిలో బల్ల లేదు. కొన్న పెన్నును ఆ రాత్రే రాసి చూసుకోవాలనుకునేవాడికి మంచం అంచు సరిపోదు. తర్వాత కందా వైపు మారాం. చిన్న గదే అయినా గోడవారగా బల్ల, మంచి దీపం ఉన్నాయి. టోక్యోలో పెన్నుల కోసం తిరిగేవాళ్లు గింజా మెట్రో లైను వెంబడి ఎక్కడ దిగినా మంచిదే. అసకుసా, కందా, నిహొంబాషి, గింజా అన్నీ ఆ ఒక్క లైనులోనే ఉంటాయి. నిహొంబాషిలో దిగితే మరుజెన్ అనే కొట్టు, గింజాలో దిగితే ఇతొయా అనే కొట్టు.

ఇతొయాను గుర్తుపట్టడానికి గుమ్మం పైనున్న ఎర్రటి పేపర్ క్లిప్పు చాలు. 1904లో మొదలైన కొట్టు, ఇప్పుడు అంతస్తుల మేడ. పెన్నుల దగ్గర కూర్చోబెట్టి, మెత్తటి గుడ్డ పరిచిన పళ్లెంలో నేనడిగినవన్నీ తెచ్చిపెట్టారు. ఒక్కోదాన్నీ ఇంకులో ముంచి ఇవ్వడం, నేను రాశాక తుడిచి పక్కన పెట్టడం, ఎంతసేపైనా విసుక్కోకపోవడం చూస్తే ముచ్చటేసింది. ఆ అమ్మాయి నా తెలుగు అక్షరాలను వంగి చూసి, వేలితో గాలిలో సున్నా చుట్టి నవ్వింది. ఇంకో వీధిలోని ఒక కొట్టులో మాత్రం అద్దాల వెనక నుంచి చూడనిచ్చారే తప్ప ఇంకుతో రాయనివ్వలేదు. రాయకుండా పెన్ను కొనకండి, ఎంత చవకైనా సరే.

పైలట్ అంటే మనకు పరీక్షల రోజుల వి5, వి7లే గుర్తు. 1918లో రియోసుకే నమికి, మసావో వాడా మొదలుపెట్టిన సంస్థ అది. వాళ్ల కస్టమ్ వరసలోని అంకెల లెక్క నాకు భలే నచ్చింది. 823లో 82 అంటే సంస్థకు 82 ఏళ్లు నిండిన 2000వ సంవత్సరం, చివరి 3 అంటే అది వచ్చినప్పటి ధర 30,000 యెన్లు. రాయబోతే వెన్నలా సాగింది. ఎక్కువసేపు రాసేటప్పుడు వెనక మరను కాస్త వదులు చేసుకోవాలి, లేకపోతే ఇంకు దారి మూసుకునే ఉంటుంది. విమానంలో కారకుండా కాపాడేదీ ఆ లోపలి అడ్డే. కానీ ఆ నునుపులో నా చెయ్యి జారిపోయింది. మీడియం పాళీతో 'కథ' రాస్తే అక్క చూసి, "ఒరేయ్, ఇది 'కద'లా ఉందిరా" అంది. పోనీ ఫైన్ తీసుకుందామంటే కస్టమ్ 74లోనూ దొరుకుతుంది, బావుంది కూడా. పెన్ను ఒక్కటే కొనుక్కునేవాళ్లకు, రోజూ పేజీలకు పేజీలు రాసేవాళ్లకు నేను చెప్పేది పైలటే. అయినా నాకు మనసు పట్టలేదు.

నిజానికి నేను సెయిలర్ కోసమే బయల్దేరాను. 1911లో హిరోషిమా దగ్గరి కురే రేవుపట్నంలో క్యుగొరో సకాతా మొదలుపెట్టిన సంస్థ. హిరోషిమా వెళ్లాం కాబట్టి అక్కణ్ణుంచి సముద్రం పక్కగా పోయే రైల్లో కురే కూడా చూసొచ్చాం. పదో వంతు కొలతలో కట్టిన యమాతో యుద్ధనౌక నమూనా, 26.3 మీటర్ల పొడవుది, అక్కడి మ్యూజియంలో ఉంది. నౌకలు కట్టిన ఊళ్లో, ఆ లోహపు పనితనం మధ్యే ఈ పాళీలూ పుట్టాయని కళ్లారా చూడటం నాకు గొప్పగా అనిపించింది. అయితే పెన్నుల కోసమే అయితే కురే దాకా వెళ్లనక్కర్లేదు, అవే పెన్నులు టోక్యోలో నింపాదిగా చూసుకోవచ్చు.

సెయిలర్ పెద్ద పెన్నులకు 21 క్యారట్ల బంగారు పాళీ వేస్తారు. బంగారం ఎక్కువ కాబట్టి మెత్తగా వంగుతుందనుకుంటే పొరపాటు, వంపు పాళీ తీరును బట్టి ఉంటుంది. ఇది బిగువుగానే ఉంటుంది. కాగితం మీద సన్నగా, పదునైన పెన్సిల్ కదిలినట్టు వినిపిస్తుంది. మీడియం-ఫైన్ పాళీతో 'స్త్రీ' రాసినప్పుడు ప్రతి మలుపూ వేళ్లకు తెలిసింది. పలక మీద బలపంతో దిద్దిన రోజులు గుర్తొచ్చాయి. ఈ మూడింటిలో రాయడంలోని సుఖం దీనికే ఎక్కువ, ఇప్పటికీ అదే మాట. నా అభ్యంతరం ఒకటే. నా దగ్గర ముందు నుంచీ ఒక చిన్న సెయిలర్ ఉంది. ఏప్రిల్, మే నెలల్లో, ఫ్యాను కింద, రెండు వారాలు వాడకపోతే ఇంకు ఎండిపోయి, నీళ్లలో ముంచి లేపాల్సి వస్తోంది.

అక్కడే ప్లాటినం గెలిచింది. ఫుజి కొండ ఎత్తు 3,776 మీటర్లు, పెన్ను పేరు 3776. 2011లో వచ్చిన సెంచరీ రకం మూతలో లోపల స్ప్రింగుతో మరో చిన్న మూత ఉంటుంది. బిగించగానే అది పాళీ చుట్టూ గాలి ఆడకుండా కూర్చుంటుంది. 24 నెలలు వాడకపోయినా ఇంకు ఎండదని కంపెనీ మాట. పాళీ 14 క్యారట్లు, గట్టిది, కాస్త ముభావంగా రాస్తుంది. మొదటి రోజు ఇతొయాలో పక్కన పెట్టేశాను. నాలుగో రోజు మరుజెన్‌లో ఫైన్ పాళీ మళ్లీ అడిగి రాస్తే 'పాఠం'లో చుక్క ముత్యంలా నిలిచింది, 'జ్ఞానం'లో ఒత్తు విడిగా కనబడింది. చవకలో కావాలంటే వీళ్లదే ప్రెప్పీ, కొన్ని వందల యెన్లకే వస్తుంది, అందులోనూ లోపలి మూత ఉంది. పిల్లలకని అయిదు తెచ్చాను.

ఇంకుల కోసమైతే కోబె వెళ్లండి. నగసావా కొట్టు 2007 నుంచి ఆ ఊరి చోట్ల పేర్లతో రంగులు తెస్తోంది: రొక్కో కొండల పచ్చ, రేవు నీలం. తయారీ సెయిలర్‌ది. నేను పచ్చ తీసుకున్నాను. టోక్యోలో కురమాయెలోని కకిమొరి అనే కొట్టులో అక్క కాగితాలూ అట్టలూ తనే ఎంచుకుని నోటుపుస్తకం చేయించుకుంది. పెన్నుల పిచ్చి లేనివాళ్లకు కూడా ఆ కొట్టు నచ్చుతుంది.

పాస్‌పోర్టు జేబులోనే ఉంచుకోండి. మేం వెళ్లినప్పుడు ఒకే కొట్టులో ఒకే రోజు 5,000 యెన్లు దాటితే పర్యాటకులకు 10 శాతం పన్ను అక్కడికక్కడే తీసేశారు.

ఇతొయాలో ఒక అంతస్తులో అక్కడే ఉత్తరం రాసి అక్కడే డబ్బాలో వేసే వీలుంది. తిరుగు ప్రయాణానికి ముందు రోజు కొత్త 3776తో నాన్నకు కార్డు రాసి వేశాను. మేం ఇల్లు చేరాక అది రాజమండ్రి అందింది. నాన్న ఫోన్ చేసి, "సన్నగా ఉన్నా కళ్లద్దాలు లేకుండా చదివాన్రా" అన్నారు. ఎండాకాలంలో అయిదు వారాలు తాకకుండా ఉంచి ఒకరోజు మూత తీశాను. మొదటి గీతకే ఇంకు పడింది.