తోడు లేనిదే కదల్లేని మనిషికి ఏ కాగితం మేలు?

నెల్లూరు, ఒంగోలు పెద్దాసుపత్రుల్లో సదరం పరీక్షకు (వైకల్యం ఎంత శాతమో తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే సర్కారు పరీక్ష) వచ్చేవాళ్ల ధ్యాసంతా శాతం మీదే ఉంటుంది. తోడు మనిషి ఖర్చుకి ఆసరా దొరకాలంటే శాతం ఒక్కటే చాలదు. రెండు కళ్లూ బొత్తిగా కనపడని మనిషికి నూరు శాతం వేసినా ఆంధ్రా సర్కారు పింఛను నెలకు ఆరు వేలే. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన మనిషికి మాత్రం 2024 జులై నుంచి పదిహేను వేలు. కండరాల క్షీణత ముదిరినవాళ్లు, ప్రమాదంలో దెబ్బతిని అలా మంచాన పడ్డవాళ్లు కూడా ఇందులోకే వస్తారు.

చేతికర్రతో బాత్రూమ్ దాకా పోగలిగే మనిషికి పదిహేను వేల దారి పట్టకపోవడమే మేలు. 2025లో డాక్టర్లు ఇళ్లకే వచ్చి మళ్లీ పరీక్షలు చేశారు. కొందరిని ఆరు వేలకు దించారు, నలభై శాతం కంటే తక్కువ తేలినవాళ్లకు పింఛను ఆపుతామని నోటీసులొచ్చాయి.

నిజంగా లేవలేనివాళ్లకు దెబ్బ తగిలేది ఇంటివాళ్ల మొహమాటం వల్ల. డాక్టరు "ఎట్టుంది?" అనగానే "పర్లేదు సార్, లేచి కూర్చుంటా ఉండాడు" అనేస్తారు. ఇద్దరు ఎత్తి కూర్చోబెడితేనే కూర్చుంటున్నాడన్న సంగతి నోట రాదు. అందుకే ముందే ఒక కాగితం మీద రాసుకుని పోవాలి: అన్నం ఎవరు తినిపిస్తున్నారు, రోజుకెన్నిసార్లు పక్క మారుస్తున్నారు, మూత్రానికి గొట్టం ఉందా, పుండ్లు పడ్డాయా. డిశ్చార్జి కాగితాలు, స్కాన్ రిపోర్టు జత చేయండి. పక్షవాతం వచ్చి ఆరు నెలలైనా దాటాక పోవాలి. కోలుకునే అవకాశం ఉంటే తాత్కాలిక సర్టిఫికెట్టే ఇస్తారు. దాని గడువు తేదీ మరిచిపోతే అసలుకే మోసం.

రెండు లోపాలుంటే శాతాలు కూడేయరు. అరవై, ముప్పై ఉంటే వచ్చేది తొంభై కాదు, డెబ్బై.

రైలు రాయితీ దారి వేరు. చెన్నైకో వేలూరుకో వైద్యానికి తిరిగేవాళ్లకు ఇది బాగా కలిసొస్తుంది. స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో 75 శాతం, సెకండ్ ఏసీలో 50 శాతం తగ్గుతుంది. వెంట వచ్చే ఒకరికీ అంతే. రిజర్వేషన్, సూపర్‌ఫాస్ట్ చార్జీలు మాత్రం పూర్తిగా కట్టాల్సిందే. కాళ్లు చేతులు సరిగా లేనివాళ్లకు, బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లకు రైల్వే నమూనా సర్టిఫికెట్‌లో "తోడు లేకుండా ప్రయాణించలేరు" అన్న మాట ఉండాలి. అది లేకపోతే ఎంత శాతం ఉన్నా కౌంటర్‌లో పని జరగదు.

చూపులేనివాళ్లకు, కంటి మీద కునుకు లేకుండా కనిపెట్టుకోవాల్సిన బుద్ధిమాంద్యం పిల్లలకు పదిహేను వేల పింఛను వర్తించదు. వాళ్లకు ఆరు వేలతోపాటు రైలు సర్టిఫికెట్టే ప్రస్తుతానికి అక్కరకొచ్చేది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 38వ సెక్షన్ కింద, అధిక సహాయం అవసరమని ఇంటివాళ్లయినా దరఖాస్తు పెట్టొచ్చు. అక్కడ పరిశీలించే బోర్డు చూసేది ఎంత సాయం కావాలన్నదే. దరఖాస్తు ఇచ్చాక రసీదు తీసుకోవడం మరవద్దు.